బ్రీదర్‌కు కట్టిన తీగ

పట్టపగలు పదకొండింటికి గ్యారేజీ షట్టరు సగం దించుకుని పనిచేయాల్సిన ఖర్మ ఏ మెకానిక్కుకూ పట్టకూడదు. కానీ ఆ ఏడు అరబ్బు ఎడారిలో తబూక్ ఊరి సనయ్యాలో, అంటే బళ్ళ రిపేరు షెడ్లన్నీ ఉండే పేటలో, వీధి వీధంతా అదే తంతు. నితాఖత్ అని కొత్త లెక్క వచ్చింది. ఏ యజమాని పేరు మీద వీసా ఉందో ఆ కఫీలు దగ్గరే పనిచేయాలి. ఇంకొకరి షెడ్డులో స్పానరు పట్టుకుని కనిపిస్తే చాలు, జైలు, ఆపైన విమానం. నవంబరు మూడో తేదీ దాకా గడువు, వాళ్ళ మాటలో మొహలత్, ఇచ్చారు. ఈలోపు సొంత దేశస్థులకు చాలినన్ని కొలువులిచ్చి పచ్చరంగు లెక్కలో ఉన్న యజమాని ఎవరైనా నీ పేరు తన మీదికి మార్చుకుంటే ఉండిపోవచ్చు. లేదంటే వేలిముద్రలిచ్చి ఇంటిదారి పట్టొచ్చు.

నర్సింలుకు ఇంకా పదకొండు రోజులు మిగిలాయి.

జగిత్యాల పక్క పల్లె మనిషి. నలభై ఆరేళ్ళు. వీసా కాగితంలో గొర్రెల కాపరి. పద్నాలుగేళ్ళలో ఒక్క గొర్రెను పట్టిన పాపాన పోలేదు, విప్పిందల్లా ఇంజన్లే. కాగితం మీది కఫీలు దూరాన హాయిల్ ఊళ్ళో ఎక్కడో ఉంటాడు. నర్సింలు అతని ముఖం చూసింది రెండుసార్లు. పనిచేసే షెడ్డు యజమానేమో ఎరుపు లెక్కలో ఉన్నాడు, కాబట్టి పేరు మార్చుకునే వీలు ఆయనకు లేదు. కూతురు సంధ్య కరీంనగర్లో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఆ చదువు అయ్యేదాకా, ఇంకో రెండేళ్ళు, ఇక్కడ నిలబడితే చాలని అతని పోరు. ఒకసారి ఇంటికి పోతే నలభై ఆరేళ్ళ మెకానిక్కును మళ్ళీ ఎవడు పిలుస్తాడు?

అందుకే కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరుగుతున్నాడు. వీధిలో తెల్ల కారు కనబడితే తనిఖీవాళ్ళనుకుని వెనక తలుపు దగ్గరికి ఉరకడం, అది పోయాక తిరిగి రావడం, చేతిలో ఏ స్పానరు ఉందో మరిచిపోవడం.

"అన్నా, కూసోన్నా. నువ్వు తిరుగుతాంటే నాకు తల తిరుగుతాంది," అన్నాడు అల్లాబకాష్.

అల్లాబకాష్‌ది రాయచోటి. ఏడేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. షెడ్డులో ఇంజను పని నర్సింలుది, చక్రాల పని, బ్రేకులు, వెనక యాక్సిల్ అల్లాబకాష్‌వి. అతనిదీ ఇలాంటి వీసానే, అతనికీ పదకొండు రోజులే. కానీ నెలన్నరగా అతను తిరగడం మానేశాడు. ఒక మూల కూర్చుని తన చేతులకేసి చూసుకుంటున్నాడు. దానికి కారణం అబూ నాయిఫ్ జీపు.

అబూ నాయిఫ్ ఊరి బయట పెద్ద తోట ఉన్న ముసలాయన. కొడుకులకు కొత్త బళ్ళున్నా తాను మాత్రం ఇరవై ఏడేళ్ళ నాటి ఎడారి జీపును వదలడు. ఎండాకాలం మధ్యలో ఆ జీపు వెనక కుడిచక్రం లోపల నుంచి నూనె కారడం మొదలైంది. అల్లాబకాష్ యాక్సిల్ లాగి, నూనెను ఆపే రబ్బరు చుట్టు, ఆయిల్ సీలు, కొత్తది వేశాడు. పదిరోజులకు మళ్ళీ కారింది. మళ్ళీ విప్పి ఇంకో కొత్త సీలు వేశాడు. మళ్ళీ కారింది. ముసలాయనకు తిక్కరేగి, షెడ్డు ఎదుట చాయ్ దుకాణం దగ్గర పదిమందిలో నిలబెట్టి, "పాత సీలు వేసి కొత్తదని చెప్పావు, దొంగవి నువ్వు," అని అరిచిపోయాడు. ఆ మాట సనయ్యా అంతా పాకింది. అంతకుముందు అల్లాబకాష్‌ను తీసుకుంటానన్న టైర్ల కంపెనీవాడు కూడా మొహం చాటేశాడు.

ఆ ముసలాయనే ఆ పొద్దున జీపు తెచ్చి షట్టరు కింద నుంచి వంగి పిలిచాడు. అల్లాబకాష్ వైపు చూడను కూడా చూడలేదు.

"నర్సీ, ఇలా రా. నా తోటకు మనిషి కావాలి. పంపులు, ట్రాక్టర్లు, ఈ జీపు చూసుకోవాలి. నాది పచ్చ లెక్క. కానీ ఒక్క పేరుకే జాగా ఉంది, ఒక్కటే. ఈ నూనె ఎందుకు కారుతోందో కనిపెట్టు, ఆ జాగా నీది," అన్నాడు.

నర్సింలు చేతిలోని స్పానరు కింద పెట్టేశాడు. పద్నాలుగేళ్ళలో నేర్చిన అరబ్బీ అంతా ఆ ఒక్క క్షణాన మరిచిపోయి తల మాత్రం ఊపాడు.

ముసలాయనను పక్కన కూర్చోబెట్టుకుని జీపును తోట దారి పట్టించాడు. నలభై నిమిషాల దారి. నూనె కారుతోందంటే సీలు పోయిందని ఎవడైనా అంటాడు. మంచి సీలును పాడుచేస్తున్నది ఏమిటో చెప్పినవాడే మెకానిక్. ఎక్సలేటరు తొక్కి విన్నాడు, వదిలేసి విన్నాడు. యాక్సిల్ లోపలి పళ్ళచక్రాలు క్రౌనూ పినియనూ అరిగితే తొక్కినప్పుడు ఒక కూత, వదిలినప్పుడు ఇంకో కూత వస్తాయి. రెండూ లేవు. కుడివైపు సన్నగా ఏదో గొణుగుడు వినిపించినట్టయింది. టైరు సద్దేమోలే అనుకుని వదిలేశాడు. నిజానికి ఆ రోజు అతని చెవి పనిలో లేదు, నవంబరు మూడు మీద ఉంది.

తోటలో పంపుగది నీడన బండి ఆపాక అబూ నాయిఫ్ నమాజుకు పోయాడు. నర్సింలు కుడిచక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. పెద్ద లూజు లేదు. చక్రం విప్పి డ్రమ్ము లాగాడు. బ్రేకు లైనర్లు నూనెలో నానిపోయి ఉన్నాయి. వేలికి రాసుకుని వాసన చూశాడు. గంధకం కంపు కొట్టింది. బ్రేకు ఆయిలు కాదు, గేరు ఆయిలే. సీలు లాగి ఎండలో పెట్టి చూశాడు. కొత్త సీలే, పెదవి పదునుగా ఉంది, చక్కగా కూర్చోబెట్టిన గుర్తు చుట్టూ సమానంగా ఉంది. అల్లాబకాష్ చేతిపనిలో ఇసుమంత తప్పు లేదు.

మరి? బండి కిందికి దూరాడు. యాక్సిల్‌ను కప్పి ఉండే ఇనుప హౌసింగు మీద చెయ్యి పెడితే కాలింది. నూనె పోసే బిరడాను స్పానరుతో అరచుట్టు తిప్పాడో లేదో, ఉస్సుమని గాలి తన్నుకొచ్చి ముఖమంతా నూనె చిమ్మింది.

"అరె నీ యవ్వ!" అని తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే అతనికి విషయం అర్థమైపోయింది. లోపల గాలి బిగుసుకుపోయి ఉంది. ఇంత పెద్ద ఇనుప కడుపు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోవడానికి పైన బ్రీదర్ అని చిన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టం మూసుకుపోతే గాలి వేరే దారి వెతుక్కుంటుంది, సీలును నెట్టుకుని నూనెతో సహా బయటపడుతుంది. ఎన్ని కొత్త సీళ్ళు వేసినా అంతే.

సంతోషంతో చెయ్యి పైకి పోనిచ్చి హౌసింగు నెత్తిన తడిమాడు. రబ్బరు గొట్టం తగిలింది. దాని మూతిలో ఒక బోల్టు దిగ్గొట్టి ఉంది. చుట్టూ రాగితీగ మూడు చుట్లు, కొస మెలేసి లోపలికి మడిచి ఉంది.

నర్సింలు చెయ్యి అక్కడే ఆగిపోయింది. తీగ కొసను లోపలికి మడవడం చెయ్యి గీసుకోకుండా తాను చేసే పని. సనయ్యాలో ఇంకెవరూ అట్లా మడవరు.

జనవరి గుర్తొచ్చింది. తబూక్‌లో వానలు పడి వాగులు పొంగి రోడ్ల మీద పడవలు తిరిగిన వారం. అబూ నాయిఫ్ గొర్రెలు వాగు అవతల చిక్కుకున్నాయి. జీపును నీళ్ళలో దింపాలని పరుగున వచ్చాడు. నర్సింలు ఊళ్ళో ట్రాక్టరు తోలిన మనిషి. నాట్లకు ముందు కరిగెట చేసేటప్పుడు, మోకాటిలోతు బురదలో బండి దిగేముందు, వెనక హౌసింగులోకి నీళ్ళు పోకుండా బ్రీదర్‌కు ఏదో ఒకటి కుక్కి కట్టడం, పొద్దుగూకి గట్టెక్కగానే విప్పేయడం వాళ్ళ ఊరి అలవాటు. అదే అలవాటున రెండు నిమిషాల్లో బోల్టు దిగ్గొట్టి తీగ కట్టాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. ముసలాయన దీవించి పోయాడు. గట్టెక్కాక విప్పాలని ఇక్కడ ఎవరికి తెలుసు? తెలిసిన ఒక్కడూ శుభ్రంగా మరిచిపోయాడు. చలికాలమంతా బండి ఊరుకుంది, ఎండలు ముదిరాక కక్కడం మొదలుపెట్టింది.

అంటే దొంగ అనే మాట పడాల్సింది ఎవరు, పడింది ఎవరు?

బండి కింద పడుకునే అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. తీగ విప్పాడు, బోల్టు లాగాడు, రెండూ జేబులో వేసుకున్నాడు. గొట్టం ఊది శుభ్రం చేశాడు. తన దగ్గరున్న కొత్త సీలు వేసి, లైనర్లు కడిగి ఆరబెట్టి, నూనె నింపి, జీపును ఇసుకలో గంటసేపు తోలి తెచ్చాడు. చుక్క కారలేదు. అబూ నాయిఫ్ వంగి చక్రం లోపల వేలు పెట్టి చూసుకుని, పొడివేలు పైకెత్తి నవ్వాడు.

"ఏమైంది దీనికి?"

"గాలి గొట్టం మూసుకుపోయింది, బాబా," అన్నాడు నర్సింలు. అబద్ధం కాదు. నిజమూ కాదు.

"రేపు పొద్దున నీ అకామా పట్టుకురా," అన్నాడు ముసలాయన.

గదికి వచ్చేసరికి మధ్యాహ్నం దుకాణాలన్నీ మూసిన వేళ. అల్లాబకాష్ అన్నం వండి కూర మీద పళ్ళెం బోర్లించి కూర్చున్నాడు.

"దొరికిందా అన్నా?"

"ఆఁ. బ్రీదర్ బందైంది."

అల్లాబకాష్ కూర మీది పళ్ళెం తీశాడు. "నేను సూడలా," అన్నాడు. "పదైదేండ్లుగా యాక్సిల్ పని చేస్తాండా, గాలిగొట్టం సూడాలని తోచలా నాకు. మనసు బాగలేదులే, అందుకే. సీలు మాత్రం కొత్తదే వేసినా అన్నా, నా బిడ్డలమీద ఒట్టు."

"నాకెర్కనే గని, ఇగ తిను."

"ఏమో అన్నా. అందురూ దొంగ దొంగ అంటాంటే, యాడో నా చేతిలోనే తప్పుండాదేమో అనిపిస్తాంది. నిన్న ఒక నట్టు బిగించి మూడుసార్లు సూసుకున్న్యా." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "నీకన్నా జాగా దొరికింది. ఒకరన్నా ఉంటాం."

నర్సింలు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. జేబులో బోల్టు తొడకు గుచ్చుకుంటోంది. చొక్కా మార్చుకోవచ్చు, ప్యాంటు మార్చుకోవచ్చు, ఆ బోల్టును రోడ్డు మీద విసిరేయొచ్చు. ఏదీ చెయ్యలేదు. ఇంటికి ఫోను చేశాడు. భార్య గౌరవ్వకు విషయమంతా చెప్పాడు, బోల్టు సంగతి తప్ప.

"మంచిగైంది," అంది గౌరవ్వ. వెంటనే, "ఏమైంది? గొంతు గట్లున్నదేంది? జాగా దొరికినోడి లెక్క లేదు," అంది.

"ఏం లేదు. ఎండ."

"బకాష్ తమ్ముని సంగతేంది మరి?"

"ఏందే నీ లొల్లి! పెట్టేయ్ ఫోను!" అని కసిరాడు. ఎన్నడూ కసరనివాడు కసిరినందుకు ఆవిడ నిజంగానే పెట్టేసింది. ఆ మధ్యాహ్నం కునుకు పట్టక లేచి కూర్చుంటూ, పడుకుంటూ, కుండలో నీళ్ళు ఖాళీ చేశాడు.

మర్నాడు పొద్దున అకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, పైజేబులో, బోల్టు కిందిజేబులో పెట్టుకుని తోటకు పోయాడు. అబూ నాయిఫ్ చావడిలో బావమరిదీ ఇద్దరు పొరుగు తోటలవాళ్ళూ ఖహ్వా కాఫీ తాగుతున్నారు. ముసలాయన నర్సింలును వాళ్ళకు చూపించి గొప్పగా చెప్పాడు. "ఇతను గంటలో కనిపెట్టాడు. ఆ దొంగ బకాష్ రెండుసార్లు నన్ను ముంచాడు."

ఆ మాట అనకుండా ఉంటే నర్సింలు నోరు తెరిచేవాడు కాదేమో. ఎవరు చెప్పొచ్చారు? బోల్టు తీసి ఖజ్జూరపు పళ్ళెం పక్కన పెట్టాడు. రాగితీగ ఇంకా దానికే వేలాడుతోంది.

"ఇది గాలి గొట్టంలో ఉంది, బాబా. కట్టింది నేను. వరదల రోజు, గుర్తుందా? విప్పడం మరిచిపోయాను. బకాష్ వేసినవి కొత్త సీళ్ళే. వాటిని పాడుచేసింది నేను," అన్నాడు. తడబడకుండా అన్నాడు.

అబూ నాయిఫ్ ఆ తీగను వేళ్ళతో తిప్పి తిప్పి చూశాడు. నిజం చెబితే ముసలాయన లేచి కావలించుకుంటాడని, ఇంత నిజాయితీ మనిషిని వదులుకుంటానా అంటాడని నర్సింలు లోలోపల ఆశపడ్డాడు. ఆ మాట దాచుకోవడమెందుకు, అందరం పడతాం అట్లాంటి ఆశ.

ముసలాయన లేచి, "నడు," అన్నాడు.

నలభై నిమిషాల దారీ జీపును తానే తోలాడు. సనయ్యాలో ఆ చాయ్ దుకాణం ఎదుటే ఆపాడు. హారను మోగించి అల్లాబకాష్‌ను పిలిపించాడు. అల్లాబకాష్ మళ్ళీ తిట్లకే అనుకుని, షట్టరు కింద నుంచి వంగి, తల దించుకునే వచ్చాడు. చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"నేను ఇక్కడే, మీ అందరి ముందే ఇతన్ని దొంగ అన్నాను," అన్నాడు అబూ నాయిఫ్ గొంతెత్తి. "తప్పు నాది. ఇతను వేసింది కొత్త సీలే. ఇతని చేతిలో దోషం లేదు. వినండి, విననివాళ్ళకు చెప్పండి." అని అల్లాబకాష్ చెయ్యి పట్టుకుని, ఆ నూనె చేతిని తన తెల్ల తోబు అంగీకి ఆనించుకున్నాడు. "పదిమందిలో నీ పేరు చెడగొట్టాను. నా దగ్గర ఒక్క పేరుకే జాగా ఉంది. అది నీది. అకామా తీసుకురా."

తర్వాత నర్సింలు వైపు తిరిగి, "నిజం చెప్పావు. నీకు దేవుడిస్తాడు. నా దగ్గర ఇంకో జాగా లేదు, నర్సీ," అన్నాడు. ముసలాయన కళ్ళు తడయ్యాయి. అయితే ఏం లాభం? జాగా లేదంటే లేదు.

అల్లాబకాష్‌కు సంగతి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక సంతోషపడలేదు. గదిలోకి పోయి తలుపు వేసి, నర్సింలు మీద విరుచుకుపడ్డాడు.

"కట్టింది నువ్వా? నిన్న బోల్టు జేబులో పెట్టుకుని నా ఎదురుంగనే కూసోని నా కూడు తిన్న్యావా? నా చేతులు నాకే పనికిరావని నేను ఏడుస్తాంటే ఇంటాన్నావా?"

"ఇయ్యాల చెప్పిన గద తమ్మీ."

"నిన్న సెప్పాల్సింది!"

అల్లాబకాష్ జాగా వద్దనలేదు. ఎందుకంటాడు? అతనికీ ముగ్గురు పిల్లలు, అతనికీ పదిరోజులే. చాప చుట్టుకుని, పొయ్యి ఇక్కడే వదిలేసి, ఆ సాయంత్రమే తోటకు వెళ్ళిపోయాడు. పోతూ ఒక్క మాటయినా అనలేదు. నర్సింలుకు జాగా పోయిన దానికంటే ఆ మౌనమే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇంకో వారం రోజులు నర్సింలు తబూక్ అంతా తిరిగాడు. పంపుల కంపెనీ, ఐసు ఫ్యాక్టరీ, ఇసుక లారీలవాళ్ళు. వయసు అడిగారు, అకామా మీద గొర్రెల కాపరి అని చూసి నవ్వారు. గౌరవ్వతో అన్నీ చెప్పేశాడు, ఈసారి బోల్టు సంగతితో సహా. ఆవిడ, "ఇగ రా," అంది. "పిల్ల ఫీజు సంగతి మనం చూసుకుందాం. నువ్వయితే రా."

మొహలత్‌కు రెండు రోజులుందనగా పాస్‌పోర్టులు చూసే జవాజాత్ ఆఫీసు ముందు బారులో నిలబడ్డాడు. వందలమంది. ఎండ నెత్తిన పడుతోంది. ఉన్నచోట నిలవలేక బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటున్నాడు. తన వంతుకు ఇద్దరున్నారనగా ఫోను మోగింది. పేరు చూసి ఒక్క క్షణం నమ్మలేదు.

"అన్నా." అల్లాబకాష్ గొంతు. పలకరింపు లేదు, కుశలం లేదు. "జీపు వెనకాల సద్దు వస్తాంది."

"ఏం సద్దు?"

"ఊఁ అని. టైరు మార్చి సూసినా, పోలా."

జీపును తోటకు తోలుతూ తాను విని వదిలేసిన గొణుగుడు నర్సింలుకు చప్పున గుర్తొచ్చింది. "నువ్వు నడుపుతున్నవా? ఫోను స్పీకరు జేసి వెనక సీటు కింద వెట్టు, కుడి దిక్కు. నలభైలో పోనీ. నేను వింట."

చెవికి ఫోను అదుముకుని రెండో చెవి వేలితో మూసుకున్నాడు. చుట్టూ జనం, పోలీసు కేకలు. వాటి అడుగున జీపు గొణుగుతోంది.

"ఇగ మెల్లగ ఎడమకు తిప్పు," అని అరిచాడు. బండి ఎడమకు తిరిగితే బరువు కుడిచక్రం మీద పడుతుంది. సద్దు పెరిగింది. "విన్నవా? పెరిగింది గద. కుడి బేరింగే గది. నూనె లేక ఎండింది, నేను జేసిందే తమ్మీ. కొత్తది వెయ్యి."

"ఖాయమా?" అల్లాబకాష్ గొంతులో వారంనాటి కోపం లేదు, పని ఉంది.

"ఇంకోటి చూద్దాం, పెట్టేయకు."

"యల్లా, హిందీ! చెయ్యి పెట్టు!" అని తొందరపెట్టాడు అద్దం వెనక ఆఫీసరు. ఇండియావాళ్ళందరూ అక్కడ హిందీలే.

నర్సింలు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి కుడిచేతి నాలుగు వేళ్ళూ గాజు మీద పెట్టాడు. మిషను పట్టలేదు. వేళ్ళు చొక్కాకు రుద్దుకోమని ఆఫీసరు సైగ చేశాడు. రుద్దుకున్నాడు. అయినా పట్టలేదు, ముప్ఫై ఏళ్ళ గ్రీజూ డీజిలూ గీతలను అరగదీశాయి. మూడోసారి గట్టిగా అదిమాడు. పచ్చలైటు వెలిగింది. ఆఫీసరు ముద్ర కొట్టి దేశం వదిలే కాగితం చేతిలో పెట్టాడు.

"అన్నా? ఉండావా? ఏమంటాండారు?"

"ఏం లేదు, అయిపోయింది." నర్సింలు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పక్కకు జరిగి, చెవిని మళ్ళీ ఫోనుకు అదుముకున్నాడు. "ఇప్పుడు కుడికి తిప్పు."